పచ్చి క్యాబేజీ, పచ్చి ఆకు: కృష్ణా దిగువ డెల్టా వంటింట్లో కోల్‌స్లా

సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీని ఉప్పు, పులుపు, నూనెలతో గానీ, గుడ్డుసొనలో నూనె పోస్తూ గిలకొట్టి చేసే మయొనైజ్ అనే చిక్కని మిశ్రమంతో గానీ కలిపి, పొయ్యి మీద పెట్టకుండా తినే వంటకాన్ని కోల్‌స్లా అంటారు. పామర్రు, గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల ఇళ్లలోకి ఇది ఈమధ్యనే వచ్చినా, దాన్ని ప్రపంచానికిచ్చిన డచ్చివారితో ఈ తీరానికి నాలుగు శతాబ్దాల పరిచయం ఉంది. ఇంత పాత పరిచయం ఉండి కూడా పచ్చి క్యాబేజీ డెల్టా విస్తరిలోకి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందని వెతికితే, జవాబు జనం నాలుక రుచుల్లో కంటే ఈ నేల ఎండలోనూ, క్యాబేజీ విత్తనం స్వభావంలోనూ, అన్నిటికంటే ఎక్కువగా కాలువ నీటిలోనూ దొరుకుతుంది.

డచ్చి తూర్పు ఇండియా కంపెనీ నౌకలు 1605లో మచిలీపట్నం చేరాయి. గోల్కొండ సుల్తానుల రేవుగా బందరు వెలిగిన ఆ కాలంలో కలంకారీ అద్దకపు బట్టల కోసం వచ్చిన ఆ వర్తకులను తెలుగువారు వలందులని పిలిచారు. ఊళ్లోని వలందపాలెం పేరులోనూ, డచ్చి సమాధుల రాళ్ల మీదా ఆ నాటి గుర్తులు నిలిచి ఉన్నాయి. ఆ దేశానికే చెందిన మరొక కంపెనీ, పశ్చిమ ఇండియా కంపెనీ, అదే శతాబ్దంలో అమెరికా తూర్పు తీరాన హడ్సన్ నది వెంట వలస నెలకొల్పి, 1664లో దాన్ని ఇంగ్లీషువారికి వదులుకుంది. అధికారం పోయినా అక్కడి డచ్చి కుటుంబాల వంట మాత్రం మారలేదు. 1749లో ఆల్బనీ పట్టణంలో బస చేసిన పేర్ కాల్మ్ అనే స్వీడిష్ వృక్షశాస్త్రజ్ఞుడు, డచ్చి ఇంటి యజమానురాలు క్యాబేజీ లోపలి ఆకులను సన్నని పోగుల్లా కోసి నూనె, వెనిగర్, ఉప్పు, మిరియాలు కలిపి పెట్టిందనీ, నూనెకు బదులు కరిగిన వెన్న కూడా వాడతారనీ, తాను అంతకుముందు ఎరగని ఆ వంటకం ఎంతో రుచిగా ఉందనీ తన దినచర్యలో రాసుకున్నాడు. కోల్‌స్లా చరిత్ర రాసేవారందరూ మొదట చూపే సాక్ష్యాల్లో ఇదొకటి.

హడ్సన్ ఒడ్డున నిలదొక్కుకున్న వంటకానికి కృష్ణ ఒడ్డున చోటు దొరకకపోవడానికి మొదటి కారణం క్యాబేజీ పుట్టుకలోనే ఉంది. అది రెండేళ్ల జీవితం గల మొక్క. మొదటి ఏడు ఆకులను ముడుచుకొని గడ్డ కడుతుంది, చలికాలమంతా గట్టి చలి తగిలితేనే రెండో ఏడు పూత పూసి విత్తనమిస్తుంది. బందరు వంటి సముద్రతీరపు ఊళ్లో పుష్య మాఘాల్లో కూడా అంతటి చలి ఉండదు కనుక, శీతకాలంలో నారు పోసి గడ్డ కట్టించినా విత్తనం మాత్రం ప్రతి ఏటా బయటి నుంచి తెచ్చుకోవలసిందే. వంకాయ, బెండ, దోస వంటి కూరల్లో మంచి కాయను విత్తనానికి వదిలేసి ఆ గింజలను బూడిదలో కలిపి దాచుకునే రైతుకు, గింజ ఇవ్వని కూర మీద నమ్మకం కుదరదు. దొరల తోటల్లో పెరిగిన క్యాబేజీ పెరటి పాదుల్లోకి రాకపోవడానికి ఇదొక్కటే చాలు.

రెండో కారణం నీరు. డెల్టాకు ఆకుకూరల కొరత ఏనాడూ లేదు. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, పాలకూర, మెంతికూర పెరళ్లలో పెరిగితే, పొన్నగంటి, గంగవాయిలి గట్ల మీదా తడి నేలల్లోనూ వాటంతటవే మొలుస్తాయి. వీటిలో ఏదీ పచ్చిగా తినే అలవాటు ఇక్కడ స్థిరపడలేదు. పప్పులోనో పులుసులోనో మెత్తగా ఉడికించడమే పద్ధతి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం 1855లో పూర్తయ్యాక బందరు కాలువ వంటివి ఊరూరికీ నీరు తెచ్చాయి. చేనుకు పారేదీ, గేదెలు దిగేదీ, బట్టలుతికేదీ ఆ నీరే. మంచినీళ్ల చెరువు నిండేదీ ఆ నీటితోనే. అటువంటి నీటితో పండి, అదే నీటిలో కడిగిన ఆకు నుంచి ఏలికపాములు, విరేచనాలు, టైఫాయిడ్ రాకుండా కాపాడింది పొయ్యి మీది మంటే. ఉడికించడానికి మరో సమర్థన కూడా ఉంది. తోటకూర, బచ్చలి, పాలకూర, చుక్కకూరల్లో ఆక్సాలిక్ ఆమ్లం అనే పదార్థం ఎక్కువ. అది ఆకులోని సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు, మూత్రపిండాల్లో రాళ్లకూ దోహదం చేస్తుంది, ఉడికించి నీరు వార్చితే తగ్గుతుంది. కాబట్టి ఆకుకూరను ఉడికించే తల్లులు పోషకాలను పాడుచేశారని తరచుగా వినబడే నింద సగం అన్యాయం. ఉడికితే సి విటమిన్ పోతుందన్న మాట నిజమే గానీ, ఆ లోటును అన్నంలో పిండుకున్న నిమ్మచెక్క, కంచంలోని పచ్చిమిరపకాయ చాలావరకు తీర్చేవి.

పచ్చి కూర అసలు తెలియని నేల కూడా కాదిది. శ్రీరామనవమి నాడు పానకంతో పాటు పంచే వడపప్పు, అంటే నానబెట్టిన పెసరపప్పులో దోసకాయ, మామిడి తురుము, కొబ్బరి కలిపినది, ఏ లెక్కన చూసినా పొయ్యి ఎక్కని కూరే. దోసకాయ, ఉల్లిపాయ వంటి పచ్చి ముక్కలను పెరుగులో వేసి ఆవపిండి కలిపే పెరుగు పచ్చడి కోల్‌స్లాకు మరీ దగ్గరి చుట్టం. ఆవ ఘాటు తెలుగు భోజనంలో ఎంత పాతదో చెప్పడానికి, ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి ఆనతివ్వగా శ్రీకృష్ణదేవరాయలు చేపట్టిన ఆముక్తమాల్యద సాక్ష్యమిస్తుంది. అందులో విష్ణుచిత్తుడు చలికాలంలో అతిథులకు పెట్టే భోజనంలో ఆవపచ్చళ్లు ఉన్నాయి. పులుపు, కొవ్వు, ఘాటు, పచ్చి కూర కలిసిన వంటకానికి కావలసిన చట్రమంతా డెల్టాలో ముందే సిద్ధంగా ఉంది, లోపించినది క్యాబేజీ ఒక్కటే.

ఆ క్యాబేజీ కొండల మీద నుంచి వచ్చింది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల్లో నీలగిరుల్లో ఐరోపా కూరగాయల సాగు మొదలుపెట్టాడు. 1878లో మద్రాసులో వెలువడిన కల్నల్ కెన్నీ-హెర్బర్ట్ వంటల పుస్తకం నాటికి దొరల భోజనాల్లో సలాడ్ మామూలు సంగతి. 1899లో నీలగిరి కొండ రైలు కూనూరు వరకు నడవడమూ, బెజవాడ నుంచి మద్రాసుకు రైలుమార్గం కలవడమూ జరిగాక, కొండ కూరలు డెల్టా పట్టణాలకు చేరే దారి ఏర్పడింది. ఆ తరువాత కూడా తెలుగు ఇల్లు క్యాబేజీని పెసరపప్పు, కొబ్బరి, పోపుల్లోకే స్వాగతించింది. శుభకార్యాల విస్తట్లో అది నిలిచినది ఆ రూపంలోనే.

పచ్చిగా తినమని చెప్పిన మొదటి గొంతు వంటవారిది కాదు, ప్రకృతి వైద్యులది. ఆహారం, నీరు, ఎండ వంటివాటితోనే రోగం నయం చేయాలనే ఈ పద్ధతిని బోధించిన జర్మన్ లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీజీ, రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావు ప్రోద్బలంతో, నిప్పు తగలని ఆహారం మీద ప్రయోగం మొదలుపెట్టి, మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, నూరిన పచ్చి ఆకులు, నిమ్మకాయలు, తేనెలతో కొన్నాళ్లు గడిపారు. ఆకుల వంతు రోజుకు 8 తులాలు, అంటే సుమారు 93 గ్రాములు. జిగట విరేచనాలు పట్టుకొని ఆ ఆగస్టులోనే ప్రయోగం మానుకోవలసి వచ్చినా, భోజనంలో కొంచెం పచ్చి ఆకు ఉండాలన్న మాటను ఆయన తరువాత కూడా వదలలేదు. ఇటీవలి దశాబ్దాల్లో మంతెన సత్యనారాయణ రాజు ప్రసంగాల వల్ల పచ్చి కూరల ముక్కలు, మొలకలు పల్లెటూరి ఇళ్లలో కూడా పరిచితమయ్యాయి. డెల్టాలో నడివయసు దాటినవారికి పచ్చి క్యాబేజీ పథ్యంగా పరిచయమైందే తప్ప ఇష్టమైన చిరుతిండిగా కాదు.

ఇష్టంగా తినడం పిల్లల తరంతో మొదలైంది, దానికి దారి వేసినవి విత్తనమూ విదేశమూ. 1988 విత్తన విధానం కూరగాయల విత్తనాల దిగుమతిని సులభం చేశాక, వేడిని తట్టుకొని మైదానాల్లోనూ గడ్డ కట్టే సంకర రకాలు విస్తరించాయి. 1999లో రైతుబజార్లు మొదలైన నాటికి క్యాబేజీ చలికాలపు అపురూపం కాకుండా పోయి, ఏడాది పొడుగునా దొరికే చవక కూరల్లో చేరింది. గుడివాడ, పామర్రు, దివిసీమల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడి కోల్‌స్లాను సెలవులకు వచ్చినప్పుడు వెంట తెచ్చాయి; 1995లో బెంగళూరులో తొలి దుకాణం తెరిచిన కేఎఫ్‌సీ వేయించిన కోడి పక్కన చిన్న గిన్నెలో అదే పెట్టి పట్టణాలకు అలవాటు చేసింది. ఈ రూపంలో మయొనైజ్ ప్రధానం. న్యూయార్క్ వ్యాపారి రిచర్డ్ హెల్మన్ 1912 నుంచి దాన్ని సీసాల్లో అమ్మకానికి పెట్టడంతో అమెరికా కోల్‌స్లా నూనె వెనిగర్లను చాలావరకు వదిలి తెల్లని ముద్దగా మారింది. ఉక్కపోత దేశంలో పచ్చి గుడ్డు నిలవ ఉంచడం ఎంత ప్రమాదమో హైదరాబాదులో జరిగిన విషాహార ఘటనలు చూపగా, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది.

ఇంట్లో చేసేవారు అందుకే పెరుగు వైపు మళ్లడం సహజం, సబబు కూడా. గేదె పాలతో తోడుపెట్టిన పెరుగును పలుచని బట్టలో మూటగట్టి రెండు గంటలు వేలాడదీస్తే నీరు కారిపోయి మయొనైజ్ అంత చిక్కగా వస్తుంది. క్యాబేజీ పైఆకులు మూడు నాలుగు తీసేసి, గడ్డను నాలుగు చెక్కలు చేసి, నడిమి కాడ తొలగించి, కత్తిపీట మీద పోగుల్లా తరిగి, ఉప్పు చల్లి పావుగంట ఉంచితే ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు పిండేస్తేనే పెరుగు కలిపాక పళ్లెంలో నీళ్లు ఊరవు. పచ్చిమిర్చితో నూరిన ఆవ ముద్ద అరచెంచా, నిమ్మరసం, కాస్త నువ్వుల నూనె చేరిస్తే ఘాటు కుదురుతుంది. ఆవాలు, క్యాబేజీ ఒకే వృక్ష కుటుంబానివి. నూరినప్పుడు ఆవకూ, తరిగినప్పుడు క్యాబేజీకీ వచ్చే ఘాటు ఒకే జాతి గంధకపు పదార్థాలది కనుక ఒకదానికొకటి అంతగా అతుకుతాయి. ఆకుల్లో కొత్తిమీర, పుదీనా, లేత మెంతి, గంగవాయిలి చిగుళ్లు పచ్చిగా కలుస్తాయి. గంగవాయిలిలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఉంది కనుక గుప్పెడు దాటకూడదు. లేత పాలకూర కొద్దిగా చాలు. తోటకూర, బచ్చలి పప్పుకే వదలాలి, గొంతు దురదపెట్టే చామాకును అసలు తాకకూడదు. ఆకుపచ్చని ఆకుల్లోని కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం, కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది కనుక ఆ చెంచా నూనెను మానడం తగదు.

ఇంతా చేశాక మళ్లీ నీటి దగ్గరికే రావాలి. పచ్చి క్యాబేజీ తింటే పురుగు మెదడుకెక్కుతుందన్న భయం డెల్టా ఇళ్లలో బలంగా ఉంది. అది పూర్తిగా వట్టిది కాదు గానీ, ఆ పురుగు క్యాబేజీలో పుట్టేది కాదు. పంది మాంసం ద్వారా మనుషులకు సోకే బద్దెపురుగు గుడ్లు మలంతో కలుషితమైన నీటి వల్ల ఏ ఆకు మీదికైనా చేరతాయి, ముడుతల మధ్య దాగే వీలు క్యాబేజీలో ఎక్కువ. రెక్కల మీద వజ్రం వంటి మచ్చలుండే చిన్న పురుగు ఈ పంటకు ప్రధాన శత్రువు. అది మందులకు లొంగకుండా తయారైన కొద్దీ రైతు ఎక్కువ పిచికారీ చేస్తాడు, ఆ అవశేషం పైఆకుల మీదే అధికం. ఉప్పునీటిలో నానబెట్టడం మట్టినీ పురుగులనూ వదిలిస్తుంది గానీ గుడ్లను చంపదు. విడదీసిన ఒక్కొక్క ఆకును ధారగా పారే శుభ్రమైన నీటిలో రుద్ది కడగడమే ఎక్కువ మేలు చేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. అందులో కొంత భాగమైనా పచ్చిగా తినగలిగే స్థితి కాలువగట్టు ఊళ్లకు రావాలంటే వంట పుస్తకాల కంటే ముందు కుళాయిలో భరోసా గల నీరు రావాలి, పొలంలోకి మురుగు కలవని నీరు పారాలి.