కంపెనీ నమోదు

ఒక వ్యాపార సంస్థకు దాని యజమానుల నుండి వేరైన చట్టబద్ధ వ్యక్తిత్వాన్ని కల్పించే ప్రక్రియను కంపెనీ నమోదు అంటారు. భారతదేశంలో ఇది కంపెనీల చట్టం, 2013 క్రింద జరుగుతుంది. అంతకు పూర్వం 1956 నాటి చట్టం, దానికి ముందు 1913 నాటి చట్టం అమలులో ఉండేవి. ఈ విషయం కేంద్ర ప్రభుత్వ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. ఆంధ్ర ప్రదేశ్‌కు కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయం విజయవాడలో ఉంది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు శ్రీ సత్యసాయి జిల్లాలోని తనకల్లు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు చెందినవి. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడక ముందు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి.

ప్రత్యేక వ్యక్తిత్వం

కంపెనీ తన పేరు మీద ఆస్తి కొనగలదు, అప్పు చేయగలదు, దావా వేయగలదు. సభ్యులు మారినా, మరణించినా కంపెనీ కొనసాగుతుంది. ఈ సూత్రానికి ప్రసిద్ధమైన ఆధారం 1897లో ఇంగ్లండులో ప్రభువుల సభ ఇచ్చిన సాలమన్ కేసు తీర్పు. సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని తానే స్థాపించిన కంపెనీకి అమ్మాడు. కంపెనీ దివాలా తీసినపుడు దాని బాకీలను ఆయన సొంతంగా తీర్చనక్కర లేదని ఆ తీర్పు చెప్పింది.

పేరు మారినా వ్యక్తిత్వం మారదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్లు తయారు చేసే కియా మోటార్స్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్ 2021లో కియా ఇండియా ప్రైవేట్ లిమిటెడ్ అయింది. కంపెనీ మాత్రం అదే. "ప్రైవేట్" అనగా చిన్నది అని అర్థం కాదని కూడా ఈ ఉదాహరణ తెలుపుతుంది. వాటాల బదిలీపై పరిమితి ఉండి, వాటాలను ప్రజలకు అమ్మజూపని కంపెనీయే ప్రైవేట్ కంపెనీ.

పరిమిత బాధ్యత

తనకల్లులో ఒకరు సొంత పేరుతో వేరుశనగ నూనె మిల్లు పెట్టారనుకుందాం. మిల్లు చేసిన అప్పులకు ఆయన సొంత ఆస్తి కూడా బాధ్యత వహించవలసి వస్తుంది. అదే మిల్లు కంపెనీ అయితే, తీసుకున్న వాటాలలో ఇంకా చెల్లించని మొత్తం మేరకే సభ్యుని బాధ్యత. అయితే చిన్న కంపెనీకి అప్పు ఇచ్చే బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ కోరుతుంది. ఆ హామీపై సంతకం చేసినవారికి ఆ అప్పు విషయంలో పరిమిత బాధ్యత రక్షణ ఉండదు. మోసం జరిగిన సందర్భాలలో కూడా ఈ రక్షణ వర్తించదు.

వ్యాపార రూపాలు

* సొంత వ్యాపారం: యజమాని, వ్యాపారం చట్టం దృష్టిలో ఒక్కటే.
* భాగస్వామ్యం: 1932 నాటి చట్టం క్రింద ఏర్పడుతుంది. నమోదు తప్పనిసరి కాదు. కాని నమోదు కాని సంస్థ తన ఒప్పందాల అమలు కొరకు బయటివారిపై దావా వేయలేదు.
* పరిమిత బాధ్యత భాగస్వామ్యం: 2008 నాటి చట్టం క్రింద కనీసం ఇద్దరితో ఏర్పడుతుంది.
* ఏకవ్యక్తి కంపెనీ: 2013 చట్టంతో వచ్చింది. సభ్యుడు ఒక్కడే. ఆయన తదనంతరం సభ్యత్వం పొందే నామినీని ముందుగానే పేర్కొనాలి.
* ప్రైవేట్ కంపెనీ: కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. సభ్యుల గరిష్ఠ సంఖ్య సాధారణంగా 200.
* పబ్లిక్ కంపెనీ: కనీసం ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి.
* ఉత్పత్తిదారుల కంపెనీ: కనీసం పదిమంది రైతులో, నేతపనివారో, ఇతర ఉత్పత్తిదారులో కలసి స్థాపించవచ్చు. కనీసం ఐదుగురు డైరెక్టర్లు ఉండాలి. వ్యక్తులే సభ్యులైనపుడు వాటాలు ఎన్ని ఉన్నా ఒక్కరికి ఒక్కటే ఓటు.

రైతులు, నేతపనివారు కంపెనీకి బదులు 1964 లేదా 1995 నాటి రాష్ట్ర సహకార చట్టాల క్రింద సంఘంగా కూడా ఏర్పడవచ్చు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో ఏర్పడిన ధరణి పరస్పర సహాయక సహకార సంఘం ఇందుకు ఉదాహరణ.

నమోదు విధానం

దరఖాస్తు అంతా అంతర్జాలం ద్వారానే జరుగుతుంది. 2020 ఫిబ్రవరి నుండి స్పైస్ ప్లస్ అనే పత్రం వాడుకలో ఉంది.

1. సంతకం చేయవలసిన వారు డిజిటల్ సంతకం పొందాలి.
2. పేరు కొరకు దరఖాస్తు చేయాలి. పాత కంపెనీల పేర్లను, ఇతరుల ట్రేడ్‌మార్కులను పోలిన పేర్లు తిరస్కరింపబడతాయి. ఆమోదించిన పేరు 20 రోజులు నిలువ ఉంటుంది.
3. సంస్థాపన పత్రం, నియమావళి సమర్పించాలి. కంపెనీ ఏ పనులు చేయవచ్చునో మొదటిది తెలుపుతుంది. లోపలి పరిపాలన నియమాలు రెండవ దానిలో ఉంటాయి.
4. పరిశీలన పూర్తయిన పిదప నమోదు ధ్రువపత్రం జారీ అవుతుంది. పాన్, టాన్ సంఖ్యలు కూడా దీనితోనే వస్తాయి.

డైరెక్టర్లలో కనీసం ఒకరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు తగ్గకుండా భారతదేశంలో నివసించినవారై ఉండాలి.

తరచు కలిగే సందేహాలు

కనీస మూలధనం ఎంత? ప్రైవేట్ కంపెనీకి లక్ష రూపాయలు, పబ్లిక్ కంపెనీకి ఐదు లక్షల రూపాయలు ఉండాలన్న నిబంధనను 2015 సవరణ తొలగించింది. ఉత్పత్తిదారుల కంపెనీకి వేరే నియమాలు ఉన్నాయి.

ఇంటి చిరునామాతో కంపెనీ పెట్టవచ్చునా? పెట్టవచ్చును. ఇటీవలి కరెంటు బిల్లు వంటి ఆధారం, ఇల్లు ఇతరులదైతే వారి సమ్మతి పత్రం జతచేయాలి. కార్యాలయం వెలుపల కంపెనీ పేరు, చిరునామా గల బోర్డు ఉండాలి. అది స్థానిక భాషలో కూడా ఉండాలని చట్టం చెబుతుంది. అనగా తనకల్లులోని కంపెనీకి తెలుగు బోర్డు అలంకారం కాదు, చట్టపరమైన విధి.

కంపెనీ పేరు నమోదైతే ఆ పేరు సరుకుపై మనదేనా? కాదు. సరుకు పేరుకు ట్రేడ్‌మార్కు నమోదు వేరుగా చేసుకోవాలి. అలాగే ధర్మవరం పట్టు చీరలకు గల భౌగోళిక గుర్తింపు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

జీఎస్టీ తప్పనిసరియా? కంపెనీ అయినంత మాత్రాన కాదు. ఆంధ్ర ప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి సాధారణ పరిమితి సాలుకు 40 లక్షల రూపాయల టర్నోవరు. సేవలకు 20 లక్షలు. కాని సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఈ పరిమితితో పనిలేకుండా నమోదు కావాలి. హిందూపురం వ్యాపారికి కర్ణాటక కొన్ని మైళ్ళ దూరమే గనుక ఈ నియమం ఇక్కడ ముఖ్యమైనది.

కంపెనీ ప్రజల నుండి డిపాజిట్లు తీసుకోవచ్చునా? ప్రైవేట్ కంపెనీ తీసుకోరాదు. నమోదు ధ్రువపత్రం కంపెనీ ఉనికికి ఆధారమే గాని, దాని నిజాయితీకి ప్రభుత్వ హామీ కాదు. ధ్రువపత్రం చూసి డబ్బు కట్టేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

నమోదు తరువాతి విధులు

డైరెక్టర్ల మొదటి సమావేశం 30 రోజులలోగా జరగాలి. తొలి ఆడిటరును కూడా ఆ గడువులోనే నియమించాలి. వాటాల సొమ్ము అందినట్లు 180 రోజులలోగా ప్రకటన దాఖలు చేయాలి. అంతవరకు కంపెనీ వ్యాపారం ప్రారంభించరాదు, అప్పు తీసుకోరాదు. ప్రతి సంవత్సరం ఆడిటు చేసిన లెక్కలను, వార్షిక నివేదికను దాఖలు చేయాలి. వ్యాపారం జరగకున్నా ఈ బాధ్యత తప్పదు. వీటి దాఖలులో ఆలస్యమైన కొద్దీ, ఒక్కొక్క పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పెరుగుతుంది.

పేరుకు మాత్రమే డైరెక్టరు

ఇద్దరు కావాలన్న నిబంధన కోసం బంధువులను, స్నేహితులను, గుమాస్తాలను డైరెక్టర్లుగా చేర్చుకొనే అలవాటు ఉంది. చట్టంలో "పేరుకు మాత్రమే డైరెక్టరు" అనే తరగతి లేదు. కంపెనీ వరుసగా మూడు సంవత్సరాలు లెక్కలు లేదా నివేదికలు దాఖలు చేయకపోతే దాని డైరెక్టర్లు ఐదు సంవత్సరాలు అనర్హులవుతారు. 2017లో కేంద్ర ప్రభుత్వం రెండు లక్షలకు పైగా కంపెనీలను పట్టిక నుండి తొలగించి, మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. కనుక చదవని కాగితంపై సంతకం చేయరాదు. డిజిటల్ సంతకం గల పరికరాన్ని, దాని రహస్య సంఖ్యను ఇతరులకు అప్పగించరాదు. దానితో చేసిన ప్రతి సంతకం యజమాని చేసినట్లే లెక్క.

మూసివేత

తలుపుకు తాళం వేసినంత మాత్రాన కంపెనీ ముగిసిపోదు. రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం చేయని కంపెనీ, బాకీలన్నీ తీర్చి, పట్టిక నుండి తన పేరు తొలగించవలసిందిగా దరఖాస్తు చేసుకోవచ్చు. పేరు తొలగిన తరువాత కూడా డైరెక్టర్ల, సభ్యుల పాత బాధ్యతలు కొనసాగుతాయి. చిన్న వ్యాపారాన్ని సొంత పేరుతోనే ప్రారంభించి, భాగస్వాములు, అప్పులు పెరిగినపుడు కంపెనీగా మార్చుకొనే వీలు కూడా ఉన్నది.