ట్రాన్సిస్టర్ నమూనా విలువలు – సర్క్యూట్ సిమ్యులేషన్‌లో పాటించవలసిన మెలకువలు

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లలున్న ఇళ్ళలో తరచుగా కనిపించే అనుభవం ఒకటున్నది. కంప్యూటర్ తెరపై చక్కగా పనిచేసిన యాంప్లిఫయర్, భాగాలు కొని తెచ్చి టంకం పెట్టిన పిమ్మట మూగబోతుంది. అతుకు సరిగా పడలేదనో, దుకాణంలో నాసిరకం సరుకు అంటగట్టారనో అనుకుంటారు. అనేక సందర్భాలలో దోషం అక్కడ ఉండదు. కంప్యూటర్‌కు చెప్పిన ట్రాన్సిస్టర్ వేరు, చేతిలో ఉన్న ట్రాన్సిస్టర్ వేరు కావడమే అసలు కారణం.

స్పైస్ పుట్టుక

సర్క్యూట్‌ను నిర్మించక ముందే లెక్క కట్టి చూపే ‘స్పైస్’ ప్రోగ్రాం అమెరికాలోని బర్క్‌లీలో గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందింది. ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ పర్యవేక్షణలో లారెన్స్ నాగెల్ దీనిని తయారుచేయగా, 1973లో వెలుగులోకి వచ్చింది. ట్రాన్సిస్టర్ ప్రవర్తనను వర్ణించడానికి ఇందులో వాడే గణిత నమూనాను బెల్ ల్యాబ్స్‌కు చెందిన గుమ్మెల్, పూన్ 1970లో ప్రకటించారు. ఎన్‌జీస్పైస్, ఎల్‌టీస్పైస్ వంటివి నేడు ఉచితంగా లభిస్తున్నాయి. బొంబాయి ఐఐటీ రూపొందించిన ‘ఈసిమ్’ కూడా ఎన్‌జీస్పైస్ ఆధారంగానే పనిచేస్తుంది.

చెప్పకపోతే ఏమనుకుంటుంది?

ట్రాన్సిస్టర్ గుణాలను ‘మోడల్’ అనే వాక్యంలో పరామితులుగా తెలపాలి. తెలపని పరామితికి ప్రోగ్రాం తనకు తానే ఒక విలువను ఊహించుకుంటుంది. కరెంటు గెయిన్‌ను సూచించే ‘బీఎఫ్’కు 100, సంతృప్త ప్రవాహమైన ‘ఐఎస్’కు 10⁻¹⁶ ఆంపియర్, ఎర్లీ వోల్టేజీ అయిన ‘వీఏఎఫ్’కు అనంతం, కెపాసిటెన్సులకు సున్న. ఇవి ఏ కంపెనీ ట్రాన్సిస్టర్‌కూ చెందిన విలువలు కావు.

దీని ఫలితం ఒక ఉదాహరణతో తేటపడుతుంది. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్‌కు 4.7 కిలో ఓములు, బేస్‌కు నేరుగా బ్యాటరీ నుండి 820 కిలో ఓములు గల యాంప్లిఫయర్‌ను తీసుకొందాం. ఊహించుకున్న విలువలతో లెక్కిస్తే కలెక్టర్ వద్ద సుమారు 4.3 వోల్టులు కనిపిస్తాయి. బ్యాటరీలో దాదాపు సగం కనుక అంతా సవ్యంగా ఉన్నట్లే తోస్తుంది. కాని బజారులో దొరికే బీసీ547 ‘బి’ తరగతి ట్రాన్సిస్టర్‌కు గెయిన్ 200 నుండి 450 వరకు ఉంటుంది. కనిష్ఠమైన 200 వద్దనే కలెక్టర్ ప్రవాహం 2 మిల్లీ ఆంపియర్లు కావలసి ఉండగా, ఆ రెసిస్టర్ గుండా 1.9 మిల్లీ ఆంపియర్లకు మించి పారదు. ట్రాన్సిస్టర్ సంతృప్త స్థితికి చేరి, కలెక్టర్ వోల్టేజీ దాదాపు అడుగంటుతుంది. శబ్దం రాదు, లేదా చీలిపోయి వస్తుంది.

విలువలు ఎక్కడ దొరుకుతాయి?

తయారీదారు మోడల్‌ను విడుదల చేసి ఉంటే ముందుగా దానినే వాడడం శ్రేయస్కరం. లేనప్పుడు డేటా షీటు నుండి తొలి అంచనా కట్టవచ్చును.

ఐఎస్: 2 మిల్లీ ఆంపియర్ల వద్ద బేస్–ఎమిటర్ వోల్టేజీ 0.66 వోల్టు అని ఇస్తే, 27 డిగ్రీల వద్ద ఐఎస్ సుమారు 1.6 × 10⁻¹⁴ ఆంపియర్ అవుతుంది. ఊహావిలువనే వదిలేస్తే అదే ప్రవాహానికి ప్రోగ్రాం 0.79 వోల్టు చూపుతుంది.

బీఎఫ్: సర్క్యూట్‌లో పారే ప్రవాహం వద్ద డేటా షీటు ఇచ్చిన గెయిన్‌ను తీసుకోవాలి.

వీఏఎఫ్: కలెక్టర్ ప్రవాహాన్ని అవుట్‌పుట్ అడ్మిటెన్సుతో భాగిస్తే స్థూలంగా లభిస్తుంది. 2 మిల్లీ ఆంపియర్లకు 30 మైక్రో సీమెన్లు ఉంటే దాదాపు 65 వోల్టులు.

టీఎఫ్: ఇది ట్రాన్సిస్టర్ వేగానికి సంబంధించినది. 10 మిల్లీ ఆంపియర్ల వద్ద ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ 300 మెగాహెర్ట్జ్ అయితే సుమారు 0.5 నానో సెకను. దీనితోపాటు జంక్షన్ కెపాసిటెన్సులు ఇవ్వకపోతే హెచ్చు ఫ్రీక్వెన్సీలలో వచ్చే ఫలితాలను నమ్మరాదు.

అక్షరాలతో జాగ్రత్త

స్పైస్‌లో ‘ఎమ్’ అక్షరం పెద్దదైనా చిన్నదైనా మిల్లీ అనే అర్థం. మెగాకు ‘మెగ్’ అని రాయాలి. పది లక్షల ఓములకు బదులు ఓములో వెయ్యవ వంతు ప్రవేశపెట్టి, ఫలితం ఎందుకు వింతగా ఉన్నదో తెలియక గంటల తరబడి వెదికేవారున్నారు. సంఖ్య పక్కన ‘ఎఫ్’ రాస్తే ఫారడ్ కాదు, ఫెమ్టో. ట్రాన్సిస్టర్ కాళ్ళను కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే వరుసలోనే పేర్కొనాలి.

ఉష్ణోగ్రతను కూడా మరువరాదు. చెప్పనంతవరకు ప్రోగ్రాం 27 డిగ్రీలనే తీసుకొంటుంది. బళ్ళారి, రాయచూరు వేసవిలో మూసిన పెట్టె లోపల 47 డిగ్రీలు ఉంటే, డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున బేస్–ఎమిటర్ వోల్టేజీ 40 మిల్లీవోల్టులు తగ్గుతుంది.

ఒక్క ఫలితంతో తృప్తి పడరాదు

విలువలు నింపిన పిదప ముందుగా ఒంటరి ట్రాన్సిస్టర్‌నే పరీక్షించి, వచ్చిన గీతలను డేటా షీటు గ్రాఫులతో పోల్చాలి. తరువాత మొత్తం సర్క్యూట్‌ను కనిష్ఠ, మధ్యమ, గరిష్ఠ గెయిన్‌లతో మూడు మార్లు నడపాలి. తయారీదారు మోడల్ సైతం సగటు ట్రాన్సిస్టర్‌నే వర్ణిస్తుంది కనుక ఈ పరీక్ష దానికీ అవసరమే.

పై యాంప్లిఫయర్‌లో 820 కిలో ఓముల రెసిస్టర్‌ను తొలగించి, బేస్‌కు పైన 47, కింద 10 కిలో ఓములు, ఎమిటర్‌కు 1 కిలో ఓము అమర్చితే గెయిన్ 200 అయినా 450 అయినా కలెక్టర్ వోల్టేజీ 4.7, 4.8 వోల్టుల నడుమనే నిలుస్తుంది. ఎమిటర్ రెసిస్టర్ వల్ల శబ్ద వర్ధనం తగ్గుతుంది కనుక దానికి సమాంతరంగా కెపాసిటర్ కలపడం వాడుక. ఒక ట్రాన్సిస్టర్‌కు మాత్రమే సరిపోయే సర్క్యూట్‌కు, దుకాణంలో ఏది చేతికందినా పనిచేసే సర్క్యూట్‌కు గల తేడా ఇదే. ఆ తేడాను సొమ్ము ఖర్చు కాకముందే చూపడం సిమ్యులేషన్ వల్ల కలిగే మేలు. అయితే చెప్పిన విలువలు నిజమైనప్పుడే ఆ మేలు దక్కుతుంది.