వంతెన కింద అడుగులు

శనివారం రాత్రి బ్రెజిల్‌లోని రియోలో, మా మదురెయిరా పేటలో వాన పడితే పడనీ అనుకుంటాం. నెత్తిన నెగ్రావ్ ది లీమా ఫ్లైఓవర్ ఉంది. పైన బస్సులు పోతుంటే కింద 1990 నుంచి డాన్సు నడుస్తోంది. ఈ డాన్సు పేరు షార్మి. ఇస్త్రీ చొక్కాలూ మెరిసే బూట్లూ వేసుకొచ్చి, వరసలు కట్టి, అందరూ ఒకేసారి తిరుగుతారు. నాకెవరూ నేర్పలేదు. ముందు వరసలో ఉండే ఒక పెద్దాయన మడమలు చూసి పట్టుకున్నాను. ఇప్పటికీ ఎడమవైపు తిరిగేచోట తప్పుతాను.

షార్మి, ఫంక్ ఒక తల్లి బిడ్డలే. 1970ల్లో రియో ఉత్తర పేటల క్లబ్బుల్లో నల్లజాతి కుర్రకారు అమెరికా సోల్ పాటలకు ఆడేది. తర్వాత దారులు చీలాయి. మెల్లగా సాగే పాటలకు 1980లో, ఇక్కడికి దగ్గర్లోని మెయెర్‌లో, డీజే కొరెల్లో షార్మి అని పేరు పెట్టాడు. రెండో బిడ్డ ఫంక్, అమెరికా మయామి బేస్ మోతకు అలవాటుపడింది. తమాషా ఏమిటంటే, పాత అమెరికా ఫంక్ జాడలు దాదాపు పోయాక కూడా ఫంక్ అన్న పేరు దీనికే మిగిలింది. 1989లో డీజే మార్ల్‌బోరో ‘ఫంక్ బ్రాసిల్’ రికార్డు వచ్చింది. ఆ తర్వాత మా కుర్రాళ్లు తమ వీధుల కష్టసుఖాలు తమ పోర్చుగీసులోనే పాడుకున్నారు.

1992 అక్టోబరులో ఆర్పోదోర్ బీచ్‌లో తొక్కిసలాట జరిగింది. టీవీలు దాన్నే తిప్పితిప్పి చూపించాయి. నింద ఫంక్ మీద పడింది. బస్సెక్కి సముద్రానికి వెళ్లే పేటల పిల్లలంతా దొంగల లెక్కన జమయ్యారు. ఆ దశాబ్దంలోనే క్లబ్బులు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. డాన్సు ఆగలేదు, కొండెక్కి పేదల బస్తీలైన ఫవేలాల్లోకి పోయింది. పొమ్మన్నవాళ్లే తర్వాత ‘ఫవేలాల గోల’ అని విసుక్కున్నారు.

ఆ సందుల్లోనే ఫంక్ పాటలకు ఆడే పాసిన్యో అనే డాన్సు పుట్టింది. 2008లో జకరెజిన్యో ఫవేలా కుర్రాళ్ల వీడియో ఒకటి యూట్యూబ్‌లోకి ఎక్కాక ఊరంతా దాన్ని చూసి నేర్చుకుంది. సాంబా, ఫ్రేవో, బ్రేక్‌డాన్స్ అన్నీ అందులో కలిసిపోయాయి. 2009లో రాష్ట్ర చట్టం ఫంక్‌ను సంస్కృతిగా ఒప్పుకుంది. మా షార్మికి 2013లో, పాసిన్యోకు 2018లో నగరం వారసత్వ హోదా ఇచ్చింది. ఈ కాగితాల మీద నాకంత నమ్మకం లేదు. సర్కారు వాళ్లు రాత్రి ఏ స్పీకర్లను పట్టుకుపోతారో, పగలు వాటికే దండలు వేస్తారు.

మొన్న శనివారం కబాబుల బండి దగ్గర ఎవరో ఫోన్‌లో ఫంక్ పెట్టారు. పన్నెండేళ్ల కుర్రాడొకడు చెప్పులు విడిచాడు. మోకాళ్లు లోపలికి, బయటికి. మడమలు అడ్డంగా కత్తెర వేసినట్టు. ఒక్కసారి నేలకంటా కూలి, తాకీ తాకకముందే లేచాడు. మా పెద్దాయన అలుపు తీర్చుకోవడానికి బయటికొచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. కుర్రాడి చెప్పు ఒకటి మురుక్కాలువ వైపు జారుతుంటే తన మెరిసే బూటు అడ్డం పెట్టి, వాడి పాదాల మీంచి కళ్లు తిప్పకుండా చూస్తూ ఉండిపోయాడు.