చక్కెర పరీక్షకు ఒకే శేరు

చక్కెర వ్యాధి ఉన్నవారి ఇంట్లో ‘మూడు నెలల షుగరు’ పరీక్ష పేరు వినని వారుండరు. కాగితం మీద హెచ్‌బీఏ1సీ అని రాస్తారు. ఆ అంకె ఏ ఊళ్ళో చూసినా ఒకటే కావాలి కదా! ఆ మాత్రం కుదరడానికి చాలా ఏళ్ళే పట్టిందండీ.

పూర్వం మూత్రాన్ని బెనెడిక్టు ద్రావకంలో కాచి రంగు చూసేవారు. నీలంగా ఉంటే చక్కెర లేదని, ఇటుక రంగుకు తిరిగితే బాగా ఎక్కువని లెక్క. అది ఆ పూట సంగతే చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి, బుద్ధిమంతులనిపించుకున్న పెద్దమనుషులు ఎంతమంది లేరు!

1968లో టెహరానులో శామ్యూల్ రహ్బర్ అనే శాస్త్రవేత్త చక్కెర రోగుల హిమోగ్లోబిన్‌లో ఒక తేడా గమనించారు. రక్తంలోని చక్కెర కొంత హిమోగ్లోబిన్‌కు అంటుకుపోతుంది, కాజాకు పాకం పట్టినట్టు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్నాళ్ళూ పట్టిన పాకం రెండు రోజుల పథ్యంతో దాగుతుందా?

అయితే చిక్కు కొలతలో వచ్చింది. ఒక లాబు ఏ1సీని మాత్రమే కొలిచేది. ఇంకొకటి దాని తోబుట్టువుల్ని కూడా కలిపి లెక్కకట్టేది. మన పెద్దల కాలంలో ఒక్కో ఊరి శేరు ఒక్కోలా ఉండేది చూడండి, అలాగన్నమాట. అంకె పెరిగితే జబ్బు ముదిరిందో, లాబు మారిందో తెలిసేది కాదు. పథ్యం సరిగా వండలేదని కోడలిని ఆడిపోసుకున్న ఇళ్ళూ ఉండే ఉంటాయి లెండి.

1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాలలో ఇన్సులిన్ మీద ఆధారపడిన 1,441 మందిని పరిశీలించారు. ఏ1సీ కోసం వారి రక్తాన్ని ఒకే లాబులో పరీక్షించారు. 9 దగ్గర ఉన్నవారికంటే 7 దగ్గరికి తెచ్చుకున్నవారిలో కళ్ళకు, మూత్రపిండాలకు, నరాలకు కలిగే హాని చాలా తగ్గింది. మరి ఆ 7, మన వీధి చివరి లాబు వారి 7 ఒకటి కాకపోతే? అందుకే 1996లో అమెరికాలో ఒక జాతీయ కార్యక్రమం పెట్టి, యంత్రాలు చేసేవారూ లాబులూ తమ అంకెలను ఆ పరిశోధన అంకెలతో సరిచూసుకునే ఏర్పాటు చేశారు.

2002లో అంతర్జాతీయ సంఘం ఇంకా కచ్చితమైన పద్ధతి తెచ్చింది. దాంట్లో అదే రక్తానికి ఒకటిన్నర, రెండు శాతం తక్కువ వచ్చేది! జబ్బు తగ్గిందని రోగులు పొరబడకుండా శాతాలు వదిలి వేరే ప్రమాణం వాడారు. లండనులో అబ్బాయి దగ్గర పరీక్ష చేయించుకుని 48 అని చూస్తే గాభరా పడకండి. మన 6.5 శాతమే అది. 2010లో అమెరికా డయాబెటిస్ సంఘం, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బును నిర్ధారించడానికి ఒప్పుకున్న గీత కూడా అదే.

ఆడవాళ్ళకు మాత్రం ఇంకొక సంగతుంది. ఇనుము లోపించిన రక్తహీనతలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. రక్తం బాగా పోయినా, ఎక్కించుకున్నా తప్పు చూపవచ్చు. గర్భిణులకు వచ్చే చక్కెర వ్యాధిని తేల్చడానికి దీన్ని నమ్ముకోరు, గ్లూకోజు తాగించి చూస్తారు. నీరసంగా ఉంటోందనో, నెలసరిలో ఎక్కువ పోతోందనో సిగ్గుపడకుండా డాక్టరుకు ముందే చెప్పండి. అప్పుడు పరగడుపు రక్తం కూడా తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.