గోదావరి డెల్టాలో యోగ సాధన

గోదావరి రేవుల్లో ప్రాణాయామం కొత్తగా వచ్చింది కాదు. అది సంధ్యావందనంలో భాగమే. తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టలతోనే మెట్ల మీద కూర్చుని ముక్కు పట్టుకున్న పెద్దాయన దాన్ని వ్యాయామం అనుకోడు. నిత్యకర్మ అనుకుంటాడు.

ఈ ప్రాంతపు యోగులలో ముందుగా చెప్పుకోవలసినవారు స్వామి జ్ఞానానంద (1896–1969). భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివి, ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లి ఏళ్ల తరబడి సాధన చేశారు. 1927లో జర్మనీ చేరి యోగం మీద ఉపన్యాసాలిచ్చారు. ఆ దేశంలోనే సాపేక్షతా సిద్ధాంతం ఆయన మనసు దోచింది. ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారు. న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేశారు. స్వదేశానికి వచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్రానికి పునాది వేశారు. ఆయన్ను శాస్త్రవేత్తగా మాత్రమే తలుచుకుంటే సగం మనిషినే తలుచుకున్నట్టు.

యోగ సాధనను పరికరాలతో కొలిచే పని మన దేశంలో 1924లో లోనావ్లాలో కువలయానంద స్థాపించిన కైవల్యధామతో ఊపందుకుంది. ఆ కొలతల్లో ఒకదాన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. మణికట్టు మీద వేళ్లు పెట్టి నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గుండెకు కళ్లెం వేసే వేగస్ నాడి పని అది. నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఈ హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి, ఒళ్లు తేలికపడుతుంది, కంగారు తగ్గుతుంది. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక శవాసనం అలసట పోగొట్టి మనసుకు విశ్రాంతినిస్తుందని ఊరికే అనలేదు. సామూహిక కార్యక్రమాల్లో ఆ ఆసనాన్నే రెండు నిమిషాల్లో ముగించేస్తుంటే బాధనిపిస్తుంది.

2015 నుంచి జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవం అయింది. 2025లో విశాఖ తీరాన జరిగిన సభకు ముందు ‘యోగాంధ్ర’ పేరిట నెలరోజులు రాష్ట్రమంతటా శిబిరాలు నడిచాయి.

వంగి నాట్లు వేసే ఈ నేలకు మరో సంగతి ముఖ్యం. దీర్ఘకాలిక నడుము నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను అమెరికన్ వైద్యుల సంఘం 2017లో చేర్చింది. అయితే రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి పోకూడదు. ఆసనాలు మొదలుపెట్టామని బీపీ మాత్రలు మానేయకూడదు.