మొలక వంపు - మాంసకృత్తుల విచ్ఛేదము

కిటికీ యొద్ద నుంచిన పెసర మొలక వెలుతురు వైపునకు వంగుట అందరు నెరిగినదే. దానికి కారణమేమి? ఈ చిన్న ప్రశ్నను వెంబడించిన శాస్త్రజ్ఞులు, 125 ఏండ్ల పిదప, జీవకణములో మాంసకృత్తులు విచ్ఛేదము పొందు చోటికి చేరిరి.

1880లో ఛార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ తమ ప్రయోగములను ప్రకటించిరి. గడ్డిజాతి మొలక మొనకు వెలుతురు సోకకుండ మూత తొడిగినచో మొలక వంగలేదు. వెలుతురును గుర్తించునది మొన; వంగునది దాని క్రింది భాగము. కనుక మొననుండి ఏదియో ప్రేరణ క్రిందికి దిగుచున్నదని వారు ఊహించిరి.

1926లో హాలెండు దేశస్థుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్సు మొలకల మొనలను కోసి, అగారు ముక్కలపై కొంతసేపు ఉంచెను. పిదప మొనలను తీసివేసి, ఆ ముక్కను మొన లేని మొలకపై ఒక ప్రక్కగా పెట్టెను. ముక్క ఉన్న ప్రక్క ఎక్కువగా పెరిగి, మొలక రెండవ ప్రక్కకు వంగెను. అదియు చీకటిలోనే! ఆ ప్రేరణ ఒక రసాయన పదార్థమని దీనివలన రుజువైనది. దానికే ఆక్సిన్ అని పేరు. మొక్కలలోని ముఖ్యమైన ఆక్సిన్ ఇండోల్ అసిటిక్ ఆమ్లము.

పెరుగుదల యనగా క్రొత్త పదార్థమును కట్టుట కదా, ఆక్సిన్ ఆ పనికే తోడ్పడునని మనకు తోచును. కాని అది మొదట చేయించునది కట్టుట కాదు, కూల్చుట. పెరుగుదలకు కావలసిన జన్యువులను కొన్ని మాంసకృత్తులు అణచియుంచును. ఇవి తొలగినగాని ఆ జన్యువులు పనిచేయవు. తొలగింపవలసిన మాంసకృత్తులకు జీవకణము యుబిక్విటిన్ అను చిన్న మాంసకృత్తును గుర్తుగా తగిలించును. గుర్తు పడినవి ప్రోటియసోమ్ అను కణభాగములో ముక్కలగును. ఈ పద్ధతిని కనుగొన్నందుకు సీకనోవర్, హెర్ష్కో, రోజ్ అను మువ్వురకు 2004లో నోబెల్ బహుమానము లభించెను.

మరుసటి యేడే, 2005లో, అమెరికాలో మార్క్ ఎస్టెల్ బృందము, ఇంగ్లండులో ఒట్టొలైన్ లేజర్ బృందము వేరువేరుగా ఒకే సంగతిని ప్రకటించెను: ఆక్సిన్ నేరుగా పోయి అంటుకొనునది ఆ గుర్తును తగిలించు యంత్రాంగములోని టి.ఐ.ఆర్.1 అను మాంసకృత్తునకే. 2007లో వెలువడిన స్ఫటిక నిర్మాణము ఈ కలయికను స్పష్టము చేసినది. టి.ఐ.ఆర్.1కును, అణచివేయు మాంసకృత్తుకును నడుమ ఆక్సిన్ జిగురువలె నిలుచును. అది స్వయముగా దేనిని ఖండింపదు. ఖండింపవలసిన దానిని పట్టి యిచ్చును.

జంతుకణములకు టి.ఐ.ఆర్.1 లేదు. అందుచే 2009లో జపాను శాస్త్రజ్ఞులు వరి మొక్కనుండి దాని జన్యువును గ్రహించి జంతుకణములలో ప్రవేశపెట్టిరి. తాము పరిశీలింపదలచిన మాంసకృత్తుకు ఆక్సిన్ గుర్తించు తునకను అతికించిరి. ఆక్సిన్ కలిపిన గంట తిరుగకముందే ఆ మాంసకృత్తు చాలవరకు మాయమయ్యెను. ఒక మాంసకృత్తు కణములో ఏ పనికి అవసరమో తెలిసికొనుటకు దానిని తొలగించి చూచుటకంటె మంచి మార్గమేమున్నది? ఈ పద్ధతి నేడు అనేక ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. మొలక ఎందుకు వంగునని అడిగినవారు ఇంత దూరము చూచి యుండరు.