గుడిమల్లం పరశురామేశ్వరాలయం

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి నదికి దగ్గరగా ఉన్న చిన్న పల్లె గుడిమల్లం. రేణిగుంట దాటి, పాపానాయుడుపేట మీదుగా పొలాల మధ్య రోడ్డు పట్టుకుంటే ఊరు వస్తుంది. ఒకవైపు తిరుమల, మరోవైపు శ్రీకాళహస్తి. ఆ రెండింటి మధ్య రోజూ తిరిగే జనంలో ఇటు మళ్లేవారు కొద్దిమందే. దారిలోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసే అక్కడి పద్ధతి చాలా పాతదని పూసల చరిత్ర రాసినవాళ్లు అంటారు. అలాగే చాలా పాతది ఇంకొకటి గుడిమల్లం గర్భగుడిలో ఉంది.

గుడి బయటికి ఆర్భాటంగా కనిపించదు. ప్రాకారం, మండపం, అమ్మవారికీ సుబ్రహ్మణ్యస్వామికీ విడి గుళ్లు ఉంటాయి. ప్రధానాలయం వెనక్కి వెళ్లి చూస్తేనే విమానం తీరు తెలుస్తుంది. వెనకవైపు మూలలు లేకుండా, పడుకున్న ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. దీన్నే గజపృష్ఠం అంటారు. పల్నాడులో చేజెర్ల కపోతేశ్వరాలయానిదీ ఇదే ఆకారం. అయితే అది ఒకప్పటి బౌద్ధ చైత్యమని పండితులు తేల్చారు. గుడిమల్లంలో అలాంటి మార్పిడి ఏదీ జరగలేదు. ఇక్కడ మొదటినుంచీ ఉన్నది శివుడే.

ముఖమండపం, అంతరాలం దాటి గర్భగుడి ముందు నిలబడితే, స్వామిని తల వంచి కిందికి చూడాలి. గర్భగుడి నేల, బయటి మండపం నేలకంటే బాగా పల్లంలో ఉంది. ఆ పల్లంలోంచి ఐదడుగుల పైచిలుకు ఎత్తు, సుమారు అడుగు అడ్డుకొలత ఉన్న ముదురు గోధుమరంగు లింగం నిటారుగా లేచి ఉంటుంది. గట్టిరాయి, నున్నగా మెరుగుపెట్టిన పని. పానవట్టం లేదు. పైభాగం చుట్టూ లోతుగా గాడి తీసి శిరస్సును వేరుచేశారు. మనం రోజూ చూసే లింగాలు గుండ్రటి రాతిస్తంభాల్లా ఉంటాయి. ఇది మాత్రం పురుషాంగాన్ని దాపరికం లేకుండా పోలిన లింగం.

దాని ముందువైపు ఒక పురుషుడు నిలబడి ఉన్నాడు. జుట్టు తలపాగాలా చుట్టి ఉంది. చెవులకు బరువైన కుండలాలు, మెడలో హారం, చేతులకు కడియాలు. నడుముకు కట్టిన బట్ట ఎంత పల్చగా ఉందంటే, దాని కింద ఒంటి తీరు అంతా తెలుస్తూనే ఉంటుంది. జంధ్యం లేదు. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్లు పట్టి, తల కిందికి వేలాడేలా పట్టుకున్నాడు. ఎడమచేతిలో గుండ్రటి చిన్న కుండ. ఎడమ భుజానికి గండ్రగొడ్డలి ఆనుకుని ఉంది. కాళ్ల కింద ఒక మరుగుజ్జు వంగి కూచుని అతణ్ని భుజాల మీద మోస్తున్నాడు. నటరాజ విగ్రహాల్లో శివుడి పాదం కింద నలిగే అపస్మారుడిలా కాక, ఇతను బరువు మోయడమే తన పనన్నట్టు ఉంటాడు.

పొట్టేలు, కుండ, గొడ్డలి, మరుగుజ్జు. గుడిమల్లం స్థలపురాణం వినేటప్పుడు ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకోవాలి.

ఊళ్లో చెప్పుకునే కథ ఇది. తండ్రి జమదగ్ని ఆజ్ఞతో తల్లి రేణుకను నరికిన పరశురాముడు, ఆ తర్వాత పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు. శివుణ్ని కొలవమని పెద్దలు చెప్పగా అడవిలో వెతికి ఈ లింగాన్ని కనుక్కున్నాడు. పక్కనే ఒక కొలను తవ్వాడు. అందులో రోజుకు ఒకే ఒక పువ్వు పూసేది. ఆ పువ్వుతోనే పూజ. అడవిమృగాలు పాడుచేయకుండా దాన్ని కాపాడేందుకు చిత్రసేనుడనే యక్షుణ్ని కాపలా పెట్టుకున్నాడు. యక్షుడు ఊరికే కాపలా కాయలేదు. తినడానికి రోజుకొక జంతువు, తాగడానికి ఒక కుండ కల్లు ఇవ్వాలన్నది ఒప్పందం. ఒకరోజు పరశురాముడు వేటకు వెళ్లి వచ్చేలోగా చిత్రసేనుడికే శివుడి మీద మనసు పుట్టి, ఆ ఒక్క పువ్వునూ తానే కోసి పూజ చేసేశాడు. తిరిగొచ్చిన పరశురాముడు మండిపడ్డాడు. ఇద్దరూ 14 ఏళ్లు కొట్టుకున్నారు. వాళ్ల తొక్కుళ్లకు ఆ చోటు గుంటపడింది. చివరికి శివుడు ప్రత్యక్షమై ఇద్దరినీ తనలో కలుపుకున్నాడు. అందుకే లింగం శివుడు, దాని మీద నిలబడ్డది విష్ణువు అవతారమైన పరశురాముడు, కింద ఉన్నది బ్రహ్మ అంశ అయిన చిత్రసేనుడు అంటారు. త్రిమూర్తులూ ఒకే రాతిలో ఉన్నారని భక్తుల నమ్మకం. గుంటలో ఉన్న గుడి గనక గుడిపల్లం, అదే జనం నోట గుడిమల్లం అయిందని కూడా చెబుతారు. పకారం మకారం ఎలా అయిందని వ్యాకరణవేత్తలు పేచీ పెట్టవచ్చు గానీ, ఊళ్ల పేర్లు సూత్రాలు చూసుకుని పుట్టవు.

కథను, శిల్పాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ముందో తెలిసిపోతుంది. గొడ్డలి ఉంది గనక పరశురాముడు వచ్చాడు. పొట్టేలు యక్షుడి తిండి అయింది, చేతిలోని చిన్న కుండ కల్లుకుండ అయింది. మరుగుజ్జుకు చిత్రసేనుడన్న పేరొచ్చింది. గర్భగుడి పల్లానికి కూడా 14 ఏళ్ల యుద్ధం కారణమైంది. ఎప్పుడో, ఎవరు చెక్కారో మరిచిపోయిన విగ్రహం ముందు నిలబడి, కంటికి కనిపించిన ప్రతి వస్తువుకూ కారణం చెప్పుకుంటూ పోయినవాళ్లు అల్లిన కథ ఇది. ఒక్క వస్తువును కూడా వదల్లేదు. శిల్పాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లను పామరులనడానికి లేదు.

పండితులు అదే వస్తువులను చూసి వేరే మాట చెప్పారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఈ లింగాన్ని లోకం దృష్టికి తెచ్చినవాడు టి.ఎ. గోపీనాథరావు. తిరువాన్కూరు సంస్థానంలో పురావస్తు శాఖ అధికారిగా పనిచేసిన ఆయన, 1914లో మొదలై వెలువడిన తన హిందూ ప్రతిమాశాస్త్ర గ్రంథంలో దీన్ని కొలతలతో సహా వివరించాడు. ఆయన లెక్కలో నిలబడ్డది శివుడే. భార్హుత్, సాంచీ యక్ష శిల్పాల నిలుపు, నగలు, బట్టకట్టుతో పోల్చి, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిందన్నాడు. భార్హుత్‌లో యక్షులు కూడా ఇలాగే తమను మోసే వాహనం మీద నిలబడి ఉంటారు. ఆ లెక్కన ఇప్పటిదాకా పూజలందుకుంటున్న శివలింగాల్లో అత్యంత పురాతనమైన వాటిలో ఇది ఒకటి. కాలం విషయంలో అందరూ ఒప్పుకోలేదు. ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్లినవారూ ఉన్నారు, క్రీస్తుశకంలోకి లాగినవారూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం క్రీస్తుపూర్వమే అంటారు.

తలపాగాలాంటి జుట్టు, గొడ్డలి, చేతిలో జంతువు చూస్తే కైలాసంలో కూచున్న పరమేశ్వరుడు కాదు, అడవిలో తిరిగే వేటగాడు గుర్తొస్తాడు. నమకంలోని రుద్రుడు కూడా తలపాగా చుట్టుకుని కొండల్లో తిరిగేవాడే. దగ్గర్లోని శ్రీకాళహస్తిలో బోయ కన్నప్ప మాంసం నైవేద్యం పెట్టిన సీమ ఇది. బోయదొరలాంటి దేవుడు ఈ ప్రాంతానికి కొత్త కాదు.

1973లో భారత పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. ఐ. కార్తికేయశర్మ ఆ ఫలితాలను పుస్తకంగా రాశాడు. లింగం చుట్టూ నేలమట్టంలో చదరంగా అమర్చిన రాతి కంచె బయటపడింది. బౌద్ధ స్తూపాల చుట్టూ వేసే వేదిక లాంటిదే. అంటే మొదట్లో ఇక్కడ గుడి లేదు. ఆరుబయట, కంచె నడుమ లింగం ఒక్కటే ఉండేది. మథురలో దొరికిన ఒక పాత శిల్పంలో చెట్టు కింద, కంచె మధ్య ఉన్న లింగాన్ని పూజించే దృశ్యం ఉంది. గుడిమల్లం మొదటి రూపం ఊహించుకోవడానికి అది పనికొస్తుంది. ఆ తర్వాత క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఇటుకలతో గజపృష్ఠాకారంలో గుడి లేచింది. ఆ ఇటుకలు 42 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 6 మందం. ఇప్పటి ఇటుక దాని ముందు పిల్ల ఇటుకే. ఎరుపు నలుపు కలిసిన కుండపెంకులు కూడా దొరికాయి. ఇటుక గుడి పోయి రాతిగుడి వచ్చింది. కొత్త గుడి వచ్చినప్పుడల్లా చుట్టూ నేల పెరిగింది గానీ, లింగాన్ని మాత్రం ఎవరూ పెకలించి పైకి తేలేదు. గర్భగుడి పల్లంలో ఉండడానికి చరిత్ర చెప్పే కారణం ఇంతే.

గోడల మీది శాసనాలు మరో కాలానికి చెందినవి. వాటిలో పాతవి 9వ శతాబ్దం నాటి పల్లవ కాలానివి. ఈ ప్రాంతాన్ని అప్పట్లో పల్లవులకు లోబడి బాణులు ఏలేవారు. శాసన పండితుడు వి. వెంకయ్య ఇక్కడి ఐదు బాణ శాసనాలను పరిష్కరించి ప్రకటించాడు. బాణ రాజుల వరుస తేల్చడానికి అవి చరిత్రకారులకు బాగా ఉపయోగపడ్డాయి. భూములు, డబ్బు, ఆవులు గుడికి రాసిచ్చిన దానాలే వాటిలో ఎక్కువ. విక్రమచోళుడి 9వ పాలనా సంవత్సరంలో, అంటే 1126లో, గుడిని పూర్తిగా తిరిగి కట్టారని ఒక శాసనం చెబుతోంది. లింగాన్ని మొదట ప్రతిష్ఠించింది ఎవరో ఒక్క శాసనంలోనూ లేదు. ఇంకో సంగతి, వీటిలో ఎక్కడా ఊరు గుడిమల్లం కాదు, తిరువిప్పిరంబేడు. విప్రుల ఊరని దానికి కొందరు అర్థం చెబుతారు. కనక గుడిపల్లం కథ, కనీసం ఊరి పేరుకు సంబంధించినంత వరకు, శాసనాల తర్వాత పుట్టిందే అనుకోవాలి.

1954 నుంచి ఈ ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

పరశురాముడు తవ్విన కొలను ఇప్పుడు కనిపించదు గానీ, నీటి ముచ్చట మాత్రం పోలేదు. గర్భగుడిలో లింగం పక్కన నేలలోకి చిన్న తొట్టి, కాలువ ఉన్నాయి. 60 ఏళ్లకోసారి భూమిలోంచి నీళ్లు పైకొచ్చి, లింగం శిరస్సును తడిపి, మళ్లీ వాటంతటవే ఇంకిపోతాయని ఊరి పెద్దలు చెబుతారు. 2005 డిసెంబరులో అలాగే జరిగిందని, కొన్ని గంటలపాటు లింగం నీళ్లలో ఉందని గుడివాళ్ల మాట. స్వర్ణముఖి దగ్గర్లోనే పారుతుంది, గర్భగుడి పల్లంలో ఉంది. భూగర్భజలం పెరిగితే ముందు చేరేది ఇక్కడికే అని హేతువాది అంటాడు. ఊరివాళ్లు మాత్రం అరవై లెక్కపెట్టి, తర్వాతి అభిషేకం 2065లో అంటున్నారు.